చలిదేశంలో ఇంజిన్ ఆయిల్: మైళ్లు కాదు, స్టార్టులు లెక్కపెట్టాలి

2019 జనవరి 30 తెల్లవారుజామున అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. అంత చలి ఏటా రాదు గానీ మైనస్ 20 అక్కడ వార్తే కాదు. కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి రాత్రుల సగటే మైనస్ 20 దగ్గర ఉంటుంది. మన ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో సున్నా దాకా దిగితే పేపర్లో ఫొటో పడుతుంది. అక్కడ సున్నా అంటే మధ్యాహ్నం కోటు గుండీలు విప్పుకుని తిరిగే రోజు.

చదువుకో, ఉద్యోగానికో ఈ ప్రాంతాలకు వెళ్లి మొదటి కారు (చాలావరకు సెకండ్ హ్యాండ్‌దే) కొనుక్కున్న మనవాళ్లకి నవంబర్ రాగానే ఒక సందేహం మొదలవుతుంది. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ఒకరు మూడు వేల మైళ్లంటారు. ఇంకొకరు పదివేలైనా ఫరవాలేదంటారు. డ్యాష్‌బోర్డు చూస్తే ఆయిల్ ఇంకా 40 శాతం మిగిలి ఉందంటుంది. ఇంటి నుంచి నాన్న ఫోన్ చేసి, ‘పొద్దున్నే బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలెయ్యరా, వేడెక్కాక తియ్యి’ అంటారు. ఇందులో ఏ మాట ఎంతవరకు నిజమో తేలాలంటే అసలు చలికి ఆయిల్ ఏమవుతుందో ముందు చూడాలి.

గడ్డకట్టే నూనె

ఇంజిన్ ఆయిల్ పని, తిరిగే లోహభాగాలు ఒకదాన్నొకటి రాసుకోకుండా మధ్యలో పొరగా నిలబడటం. ముడిచమురు నుంచి తీసిన మామూలు ఆయిల్‌లో కొంత మైనం ఉంటుంది. సంక్రాంతి చలికి కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టినట్టు, మరీ చలిలో ఈ మైనం స్ఫటికాలుగా విడిపోయి వలలా అల్లుకుంటుంది. మిగతా నూనె ఆ వలలో చిక్కుకుని కదలదు.

దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి చెవికి వినబడుతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బరువుగా, మూలుగుతూ తిరుగుతుంది, లేదా అసలు తిరగదు. అదే వేళకి బ్యాటరీ కూడా నీరసిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని బలం మూడో వంతు పోతుంది. మైనస్ 18 దగ్గర సగానికి పైగా పోతుంది. చిక్కబడిన ఆయిల్‌తో ఇంజిన్ బరువెక్కిన రోజే తిప్పేవాడికి సత్తువ తగ్గుతుందన్నమాట.

రెండో చిక్కు వినబడదు, కాబట్టే ఎక్కువ ప్రమాదం. ఇంజిన్ చక్కగా స్టార్ట్ అవుతుంది. కానీ అడుగున సంపులో ఉన్న ఆయిల్ కదిలి పంపులోకి ఎక్కదు. పంపు తన నోటి దగ్గరున్న కాస్తా లాగేసుకున్నాక ఆ ఖాళీలోకి పక్కనున్న ఆయిల్ జారి రాదు. ఇక పంపు పీల్చేది గాలినే. పైన క్యామ్‌షాఫ్టుకీ, లోపల బేరింగులకీ ఆయిల్ అందాల్సిన తొలి క్షణాలు పొడిగానే గడుస్తాయి.

1980–81 శీతాకాలంలో దక్షిణ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అప్పటి పరీక్షలన్నీ నెగ్గిన ఆయిల్ పోసిన ఇంజిన్లే ఆయిల్ అందక పాడయ్యాయి. ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. అక్కడ ఆయిల్ ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా చల్లబడింది. అలా చల్లబడితే మైనం తీరిగ్గా అల్లుకుంటుంది. ప్రయోగశాలలో గబగబా చల్లార్చి చూసే పరీక్షకి ఈ లోపం దొరకలేదు. ఆ దెబ్బ తర్వాతే ఆయిల్‌ని 45 గంటలకు పైగా మెల్లమెల్లగా చల్లార్చి, పంపుకి ఎక్కుతుందో లేదో చూసే పరీక్ష స్థిరపడింది. ఇవాళ డబ్బా మీద కనబడే అంకె వెనక ఆ పరీక్ష కూడా ఉంది.

డబ్బా మీది అంకెలు చెప్పేదేమిటి

5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 అని డబ్బాల మీద ఉంటుంది కదా. మొదటి అంకె చలికి సంబంధించింది, రెండోది వేడికి. డబ్ల్యూ అంటే వింటర్. ఈ అంకెలు ఎస్.ఏ.ఈ. అనే వాహన ఇంజినీర్ల సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం ఇస్తారు.

0డబ్ల్యూ అని వేయాలంటే మైనస్ 35 డిగ్రీల దగ్గర సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ని తిప్పగలిగేటంత, మైనస్ 40 దగ్గర పంపు లాగగలిగేటంత పలుచగా ఆ ఆయిల్ ఉండాలి. 5డబ్ల్యూకి ఈ హద్దులు మైనస్ 30, మైనస్ 35. 10డబ్ల్యూకి మైనస్ 25, మైనస్ 30. 15డబ్ల్యూకి మైనస్ 20, మైనస్ 25. అంకె ఒక మెట్టు పెరిగిన కొద్దీ హద్దు ఐదు డిగ్రీలు వెనక్కి వస్తుంది. ప్రతి రకానికీ పంపు పరీక్షని ఇంకో ఐదు డిగ్రీల చలిలో చేయడం ఊరికే కాదు. ఇంజిన్ స్టార్ట్ అయ్యే చలిలో ఆయిల్ పారకుండా ఉండే ప్రమాదం రాకూడదని వదిలిన జాగా అది.

రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం చెబుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. 5డబ్ల్యూ-30 కంటే 0డబ్ల్యూ-30 పలుచన కాబట్టి ఇంజిన్ అరుగుతుందేమో అనుకుంటారు. వేడెక్కాక రెండూ ఒకే కోవలోవి. తేడా అంతా పొద్దుటి చలిలోనే. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. మైనస్ 35 దగ్గర 0డబ్ల్యూ-20 ఆయిల్ కూడా వేడిమీద ఉన్నప్పటికంటే వెయ్యి రెట్లకు దగ్గరగా చిక్కబడొచ్చు. చలిలో మరీ పలుచనైపోయే ఆయిలంటూ ఏదీ లేదు.

మన దగ్గర బైకుల్లో 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50, పాత డీజిల్ బండ్లలో 15డబ్ల్యూ-40 పోయడం మామూలు. మన ఎండలకి మొదటి అంకెతో పెద్దగా పని పడదు. ‘ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే ఇంజిన్‌కి అంత బలం’ అన్న మాట అలా పుట్టిందే. ఆ నమ్మకాన్ని సూట్‌కేసులో పెట్టుకుని విన్నిపెగ్ వెళ్తే 20డబ్ల్యూ ఆయిల్ అక్కడ మామూలు జనవరి రాత్రికే చేతులెత్తేస్తుంది. కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో (ఓనర్స్ మాన్యువల్) ఏ గ్రేడు రాస్తే అదే పోయాలి. రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఏది ఎంత చలికో చెబితే, మీ ఊళ్లో అతిచల్లని రాత్రిని బట్టి ఎంచుకోవాలి. ఆ రాత్రి లెక్కలో గాలిచలిని కలపనక్కర్లేదు. వాతావరణ వార్తల్లో ‘మైనస్ 25, గాలితో కలిపి మైనస్ 38 అనిపిస్తుంది’ అంటారు. ఆ అనిపించడం మన ఒంటికి. గాలి కారుని త్వరగా చల్లబరుస్తుంది గానీ, మైనస్ 25 కంటే కిందికి దించలేదు.

సింథటిక్ ఎందుకు

అమెరికాలో కార్లకి సింథటిక్ ఆయిల్ ప్రచారంలోకి రావడంలో ఒక చలి ఊరి పాత్ర ఉంది. మినెసోటాలోని డులూత్‌లో యుద్ధవిమానాల పైలట్‌గా పనిచేసిన ఆల్ అమటూజియో, జెట్ ఇంజిన్లలో వాడే సింథటిక్ ఆయిల్ విపరీతమైన చలినీ వేడినీ తట్టుకోవడం గమనించి, కార్లకి ఎందుకు వాడకూడదని ఆలోచించాడు. ఆయన స్థాపించిన ఆమ్‌సాయిల్ సంస్థ సింథటిక్ ఆయిల్ 1972లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ప్రమాణాలకు సరితూగింది. అలాంటి గుర్తింపు పొందిన తొలి సింథటిక్ అదేనని చెబుతారు.

పూర్తి సింథటిక్ గొప్పదనం మంత్రమేమీ కాదు. రసాయనికంగా కట్టిన నూనెలో మైనం ఉండదు, లేదా బాగా శుద్ధి చేయడం వల్ల నామమాత్రంగా ఉంటుంది. అల్లుకోవడానికి మైనమే లేకపోతే గడ్డకట్టే బాధ తగ్గుతుంది. ఇప్పటి 0డబ్ల్యూ ఆయిళ్లు దాదాపు అన్నీ సింథటిక్‌లే. అయితే సింథటిక్ పోశాం కదా అని మార్చడం మర్చిపోతే మాత్రం కుదరదు. ఎందుకంటే ఆయిల్‌ని పాడుచేసేది చలి ఒక్కటే కాదు.

దగ్గరి ప్రయాణాలతోనే అసలు నష్టం

ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. చలికాలం ఉదయం సైలెన్సర్ నుంచి తెల్లగా లేచే పొగ చాలావరకు ఆ ఆవిరే. అందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కిందున్న ఆయిల్‌లోకి చేరుతుంది. దానికి తోడు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగా చిమ్ముతుంది. చల్లటి సిలిండర్ గోడల మీద పూర్తిగా ఆవిరి కాని పెట్రోలు కూడా ఆయిల్‌లోకే దిగుతుంది.

ఇంజిన్‌లోని ఆయిల్ బాగా వేడెక్కి కొంతసేపు ఆ వేడి మీదే ఉంటే ఈ నీరు, పెట్రోలు రెండూ ఆవిరైపోతాయి. ఆ ఆవిరిని ఇంజిన్ మళ్లీ లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. కానీ కూలెంట్ వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదు. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చేసరికి ఆయిల్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. మైనస్ 15లో రెండు మైళ్లు వెళ్లి కారాపితే ఆయిల్ ఆ వేడికి చేరనే చేరదు. నీరు, పెట్రోలు అందులోనే ఉండిపోతాయి. మర్నాడు మరికొంత చేరుతుంది. నీటితో కలిసి ఆమ్లాలు పుడతాయి. వాటికి విరుగుడుగా ఆయిల్‌లో కలిపిన రసాయనాలు త్వరగా ఖర్చైపోతాయి. పెట్రోలు కలిసి ఆయిల్ పలుచబడితే లోహాల మధ్య పొర బలహీనమవుతుంది.

దీన్ని కళ్లారా చూడొచ్చు. రోజూ రెండు మైళ్లే తిరిగే కారు బానెట్‌ని జనవరిలో ఒకసారి ఎత్తి, ఆయిల్ మూత తిప్పి అడుగు భాగం చూడండి. లేత పసుపురంగులో జిగట నురగ అంటుకుని ఉండవచ్చు. ఆయిల్‌లో చెమ్మ కలిసిన ఆనవాలు అది. కూలెంట్ ఆయిల్‌లోకి రాకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందేమోనని కంగారు పడక్కర్లేదు. కూలెంట్ తగ్గకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ తేటగా ఉంటే ఇంజిన్ క్షేమమే. అరగంటకు పైగా హైవే మీద నడిపితే ఆ నురగ చాలావరకు పోతుంది. కూలెంట్ తగ్గుతున్నా, డిప్‌స్టిక్ మీదే పాలరంగు కనబడినా మాత్రం మెకానిక్ దగ్గరికి వెళ్లి తీరాలి.

తర్వాత డిప్‌స్టిక్ బయటికి లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. కింది గీత దగ్గరికి దిగిపోతే ఆయిల్ తక్కువైందని అందరికీ తెలుసు. చలికాలంలో దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. మార్చిన రోజు పై గీత దగ్గరున్న ఆయిల్ నెల గడిచాక దాన్ని దాటుతుంది. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరగదు. పెరిగింది పెట్రోలు. చుక్క వేలికి రాసుకుని వాసన చూస్తే తెలిసిపోతుంది. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో ఇది ఎక్కువ. హోండా 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ల మీద ఈ ఫిర్యాదు 2018లో చైనాలోని చలి ప్రాంతాల్లో పెద్దదై రీకాల్ దాకా వెళ్లింది. అమెరికాలోనూ చలి రాష్ట్రాల్లో ఆ ఇంజిన్లకు కంపెనీ వారంటీ పొడిగించింది. హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ మధ్యమధ్య ఆగిపోతుంది కాబట్టి వాటికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

మూడు వేలా? పదివేలా?

మూడు వేల మైళ్లకోసారి ఆయిల్ మార్చాలన్నది పాత ఇంజిన్లు, పాత ఆయిళ్ల కాలం నాటి లెక్క. ఆ అలవాటుని మాన్పించడానికి కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రచారమే చేసింది, వాడేసిన ఆయిల్ అనవసరంగా పోగుపడుతోందని. ఇప్పుడు 0డబ్ల్యూ-20 సింథటిక్ వాడే టయోటా కార్లకి మామూలుగా 10,000 మైళ్లు లేదా 12 నెలలు అని కంపెనీయే చెబుతోంది. అయితే అదే కంపెనీ, సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో పదేపదే ఐదు మైళ్ల లోపు తిరిగేవాళ్లు 5,000 మైళ్లు లేదా 6 నెలలకే మార్చాలంటుంది. కఠిన వాడకం కింద వచ్చే ఈ లెక్క పుస్తకంలో రెండో పేజీలోనో, చిన్న అక్షరాల్లోనో ఉంటుంది. చలిదేశంలో చాలామంది వాడకం దాని కిందికే వస్తుంది. వాళ్లకది తెలియదు.

ఎందుకలా విడదీశారో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకరు మినెసోటాలోని సెయింట్ క్లౌడ్ నుంచి మినియాపొలిస్‌కి ఉద్యోగానికి వెళ్తారనుకుందాం. ఒకవైపు సుమారు 65 మైళ్లు. 3,000 మైళ్లు తిరిగేసరికి ఇంజిన్ 46 సార్లు స్టార్ట్ అవుతుంది, ప్రతిసారీ గంటకు పైగా వేడిగా నడుస్తుంది. ఇంకొకరు అపార్ట్‌మెంట్ నుంచి రెండు మైళ్ల దూరంలోని యూనివర్సిటీకే తిరుగుతారు. అవే 3,000 మైళ్లకి ఆయన కారు 1,500 సార్లు స్టార్ట్ అవుతుంది, ఒక్కసారీ పూర్తిగా వేడెక్కదు. మీటరు మాత్రం ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది. మొదటివారు పదివేల దాకా నిశ్చింతగా ఉండొచ్చు. రెండోవారికి మైళ్లతో పనిలేదు, ఆరునెలలు నిండితే మార్చేయాలి.

డ్యాష్‌బోర్డు మీది శాతం ఈ తేడాని కొంతవరకు పసిగడుతుంది. చాలా కార్లలో అది ఆయిల్‌ని పరీక్షించి చెప్పేది కాదు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ అయింది అన్నవి కలిపి వేసే లెక్క. అందుకే చలికాలంలో శాతం తొందరగా పడిపోతుంది. ఆ లెక్కని నమ్మొచ్చు, కానీ మూడు సంగతులు అది చెప్పదు. సంపులో ఆయిల్ ఎంతుందో చెప్పదు. మీరు ఏ రకం పోశారో చెప్పదు. కిందటిసారి మార్చినవాళ్లు మీటరు రీసెట్ చేశారో లేదో కూడా చెప్పదు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు చూపించే శాతాన్ని పట్టించుకోకుండా ఆయిల్, ఫిల్టర్ మార్చి సున్నా నుంచి లెక్క మొదలుపెట్టడం ఉత్తమం. రసీదులు దాచుకోండి, వారంటీ గొడవలొస్తే అవే సాక్ష్యం.

వేడెక్కించే పద్ధతి

ఇప్పుడు నాన్న మాట. కార్బ్యురేటర్ బండ్ల కాలంలో అది సరైన సలహా. చల్లగా ఉంటే ఆ బండ్లు దారిలో ఆగిపోయేవి. ఇప్పటి ఇంజిన్లకి 30 సెకన్ల నుంచి ఒక నిమిషం చాలు. ఆ తర్వాత మొదటి ఐదారు మైళ్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నెమ్మదిగా నడిపితే, నిలబెట్టి తిప్పినదానికంటే త్వరగా వేడెక్కుతుంది. పది నిమిషాలు ఊరికే తిప్పితే ఆయిల్‌లోకి పెట్రోలు దిగడమే తప్ప ఆయిల్‌కి ఒరిగేదేమీ లేదు. అద్దాల మీద మంచు కరిగేదాకా ఆగాల్సి వస్తే అది వేరు, చూపు ఆనకుండా బండి తీయకూడదు. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజిన్ ఆన్‌లో ఉంచకండి. సైలెన్సర్ మంచులో కూరుకుపోయిందేమో కూడా చూసుకోండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

అసలైన ఉపాయం ఉత్తర డకోటాలో పుట్టింది. గ్రాండ్ ఫోర్క్స్‌కి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజిన్‌కి తగిలించే విద్యుత్ హీటర్ తయారుచేసి 1949లో పేటెంటు పొందాడు. దాని వారసులే నేటి బ్లాక్ హీటర్లు. విన్నిపెగ్‌లో, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో కార్ల ముందు గ్రిల్ నుంచి ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది. పార్కింగుల్లో దాన్ని గుచ్చడానికి కరెంటు పాయింట్లు ఉంటాయి. కొత్తగా వెళ్లినవాళ్లు వాటిని ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ అనుకుంటారు. రాత్రంతా పెట్టనక్కర్లేదు. బయల్దేరడానికి రెండు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెడితే చాలని కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ చెబుతుంది. మైనస్ 20లో దీనివల్ల ఇంధనం 10 శాతం దాకా ఆదా కావచ్చని దాని అంచనా. మామూలుగానైతే చలిలో మైలేజీ బాగా పడిపోతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల రోజుతో పోలిస్తే మైనస్ 7 దగ్గర నగరంలో సుమారు 15 శాతం, మూడు నాలుగు మైళ్ల ప్రయాణాల్లో 24 శాతం దాకా తగ్గుతుంది.

చలి రాకముందే

కొత్తగా ఉన్నప్పుడు 5డబ్ల్యూ పరీక్ష నెగ్గిన ఆయిల్ పాతబడ్డాక ఆ హద్దు నిలబెట్టుకోలేకపోవచ్చు. వాడకంలో ఆక్సీకరణకి గురైన ఆయిల్ చలిలో ఇంకా మొండికేస్తుంది. కాబట్టి ఏడాదికోసారి మాత్రమే మార్చేవాళ్లు ఆ ఒక్కసారి అక్టోబర్‌లోనో, నవంబర్ మొదట్లోనో పెట్టుకోవాలి. ఏటా రెండుసార్లు మార్చేవాళ్లకి చలి ముందొకటి, మంచు కరిగాక ఏప్రిల్‌లో ఒకటి సరిపోతుంది. రెండోసారి మార్చితే చలికాలమంతా పోగైన నీరు, పెట్రోలు, ఆమ్లం అన్నీ ఒక్కసారే పోతాయి. డబ్బా మీద గుండ్రని ఏపీఐ గుర్తు, అందులో మీ పుస్తకం చెప్పిన గ్రేడు చూసుకోండి. బ్యాటరీని కూడా అదే రోజు పరీక్షించమనండి. స్వయంగా మార్చుకునేవాళ్లు పాత ఆయిల్‌ని కాలువలో పోయకండి. ఒక గ్యాలన్ వాడేసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. చాలా ఆటో విడిభాగాల దుకాణాలు దాన్ని ఉచితంగా తీసుకుంటాయి.

మొత్తానికి మూడు వేలన్నది పాత లెక్క, పదివేలన్నది కొందరికి సరైనదే, అందరికీ కాదు. చలిదేశంలో ఆయిల్ ఆయుష్షు నిర్ణయించేది మీరు ఎంత దూరం తిరిగారన్నది కాదు, ఎన్నిసార్లు చల్లగా స్టార్ట్ చేసి వేడెక్కకముందే ఆపారన్నది. వారానికి ఒక్కసారైనా అరగంట హైవే మీద నడపండి, నెలకోసారి డిప్‌స్టిక్ చూడండి. అన్నిటికంటే ముందు గ్లవ్ బాక్సులో పడి ఉన్న యజమాని పుస్తకం తీసి, ‘కఠిన వాడకం’ గురించి రాసిన పేజీ చదవండి. మీ చలికాలపు ప్రయాణాలు అందులో ఉంటే, మీకు వర్తించే గడువు అదే.